చెరకు కోత కూలీల ఆరోగ్యం: కత్తి గాయం కంటే ఎండ గాయమే లోతైనది

సంక్రాంతికి మూడు నాలుగు రోజుల ముందు నుండి బెంగళూరులోని కృష్ణరాజ మార్కెట్టు, గాంధీబజారు, మల్లేశ్వరం వీధులు చెరకు గడలతో నిండిపోతాయి. ఎళ్ళు-బెల్లంతో పాటు ఒక చెరకు ముక్కను ఇరుగుపొరుగులకు పంచడం కన్నడిగుల ఆచారం. నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలోనూ అనేకం ఆ ఆచారాన్ని స్వీకరించాయి. పండుగ పోయి వేసవి వస్తే కూడలి కూడలికీ చెరకురసం బండ్లు వెలుస్తాయి. ఇంత తీపిని అనుభవించే మహానగరానికి ఆ గడను నేలమట్టంగా నరికి, ఆకు ఒలిచి, కట్ట కట్టి, బండికెత్తిన మనిషి మాత్రం కనబడడు. చక్కెర ఉత్పత్తిలో దేశంలో ఉత్తరప్రదేశ్, మహారాష్ట్రల తరువాతి స్థానం కర్ణాటకదే. ప్రసిద్ధమైన మండ్య చెరకు ప్రాంతం బెంగళూరుకు వంద కిలోమీటర్ల దూరంలోనే ఉన్నది.

చెరకు కోత ప్రమాదకరమైన వృత్తి అనగానే ఎవరికైనా మొదట కత్తి, పిమ్మట పాము స్ఫురిస్తాయి. అవి నిజమైన ప్రమాదాలే. అయితే గత ఇరవై ఏళ్ళలో వివిధ దేశాల పరిశోధకులు తేల్చిన విషయం వేరొకటి. ఈ వృత్తిలో మనిషిని నిశ్శబ్దంగా, తిరిగి కోలుకోలేనంతగా దెబ్బతీసేది ఎండలో విరామం లేని శ్రమ. ఆ విరామం లేకుండా చేసేది టన్ను లెక్కన కట్టే కూలి. వ్యాధికి, కూలి లెక్కకు గల ఈ ముడిని గుర్తించనిదే చేతితొడుగులు, కాలిజోళ్ళు పంచినంత మాత్రాన సమస్య తీరదు.

పని స్వరూపం

చెరకు గడలో చక్కెర శాతం మొదలులో అధికం, కొసలో స్వల్పం. అందువలన గడను నేలకు ఆనించి నరకవలసి ఉంటుంది. జానెడు ఎత్తున నరికితే రైతుకు నష్టం, మిల్లుకు నష్టం, పైగా మిగిలిన మోడు నుండి వచ్చే పిలక తోట కూడా బాగుండదు. కనుక కూలీ ప్రతి గడకూ నడుము వంచాలి, మచ్చుకత్తితో ఒకటి రెండు దెబ్బలు వేయాలి, లేచి ఆకు ఒలవాలి, కొస నరకాలి, పక్కన వేసి మళ్ళీ వంగాలి. పూట గడిచేసరికి ఈ వంగడం, లేవడం వేల సార్లు జరుగుతుంది. ఆపైన గడలను చెరకు ఆకుతోనే మోపులుగా కట్టి, ముప్పై కిలోలకు పైబడిన మోపును తలకెత్తుకొని, వాలుగా వేసిన పలక మీదుగా లారీ లేదా ట్రాక్టరు తొట్టిలోకి చేర్చాలి.

నరికిన చెరకు నిలువ ఉండదు. గంట గంటకూ అందులోని చక్కెర విరుగుతూ ఉంటుంది కనుక ఒక రోజు లోపలే గానుగకో మిల్లుకో చేరాలి. మిల్లు నుండి కోత పర్మిట్టు వచ్చిన రోజున ఎండ ఎక్కువగా ఉన్నదనో, ఒంట్లో బాగా లేదనో ఆగడానికి వీలుండదు. బండి అర్ధరాత్రి వస్తే అర్ధరాత్రే ఎత్తాలి. నిద్ర చాలని మనిషి తెల్లవారగానే మళ్ళీ కత్తి పట్టుకుంటాడు.

ఈ పని చేసేవారు అధికంగా వలస కూలీలు. మహారాష్ట్రలోని బీడ్ తదితర కరువు జిల్లాల నుండి వేలాది దంపతులు బెళగావి వైపు మిల్లులకు వస్తారు. హడగలి, హరపనహళ్ళి ప్రాంతాల లంబాడీ కుటుంబాలు మండ్య వైపు కదులుతాయి. తెలంగాణలోని నారాయణఖేడ్ తండాల వారు జహీరాబాదు ప్రాంతానికి, సరిహద్దు దాటి కర్ణాటకకు, మహారాష్ట్రకు పోతారు. చిత్తూరు జిల్లా బెల్లం గానుగల దగ్గర ముఠాగా ఏర్పడి గుత్తకు నరికే పద్ధతి ఉన్నది. చెరకు కోసం ఊరు విడవడం తెలుగువారికి కొత్త కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో మారిషస్, నేటాల్ చెరకు తోటలకు ఓడలెక్కిన ఒప్పంద కూలీలలో ఉత్తర కోస్తా, ఇతర తెలుగు జిల్లాల వారు వేల సంఖ్యలో ఉండేవారు. కోరంగి రేవు నుండి వెళ్ళినందువలన మారిషస్‌లో తెలుగువారికి ఆ ఊరి పేరే నిలిచిపోయింది.

కత్తి, ఆకు, నడుము

కుడిచేతి వాటం కూలీ ఎడమ చేత గడను పట్టుకొని ఎడమ కాలు ముందుకు వేసి నరుకుతాడు. అందువలన గాయాలు ఎక్కువగా ఎడమచేతి వేళ్ళకు, ఎడమ మోకాలి కిందికి తగులుతాయి. మధ్యాహ్నం దాటి చేయి అలసినప్పుడు, చెమటకు కత్తిపిడి జారినప్పుడు గురి తప్పుతుంది. గాయానికి మట్టి తగులుతుంది కనుక ధనుర్వాతం టీకా తప్పనిసరి. చెరకు ఆకు అంచు సన్నని రంపపు పళ్ళ వలె ఉంటుంది, ఆకుతొడిమ మీది నూగు చర్మంలో గుచ్చుకొని దురద, పుండ్లు కలిగిస్తుంది. ఆకు కొస కంటిపాపకు గీరుకుంటే దానిని చిన్న విషయంగా తీసుకోరాదు. పంట ఆకు వలన కలిగిన గాయంలో బూజు చేరి చూపు పోయే ప్రమాదం ఉన్నది. నాటుమందు కంట్లో పిండకుండా వెంటనే కంటి వైద్యుని వద్దకు వెళ్ళాలి.

నడుము నొప్పి, మోకాలి నొప్పి, మెడ నరాల నొప్పి గురించి ఎంత వ్రాసినా తక్కువే, కానీ వాటి కంటే వాటికి వాడే మందు మరింత ప్రమాదకరం. దాని ప్రస్తావన ముందు రానున్నది.

పాము, ఎలుక

ఎలుకలు దాగే తోటలోనికి పాములు వస్తాయి. కట్లపాము, నాగుపాము, రక్తపింజరి మూడూ చెరకు తోటలలో కనబడేవే. వీటిలో రక్తపింజరి విషం రక్తాన్ని, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. 2000 నుండి 2019 వరకు దేశంలో పాముకాటు వలన సగటున ఏటా 58,000 మంది మరణించినట్లు 2020లో ప్రచురితమైన ఒక విస్తృత అధ్యయనం అంచనా వేసింది. కర్ణాటక ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో పాముకాటును ఆసుపత్రులు తప్పక నివేదించవలసిన అంశంగా ప్రకటించింది. కాటు పడిన చోట కోయడం, నోటితో పీల్చడం, బిగించి కట్టు కట్టడం మూడూ హానికరమే. కాటుపడిన అవయవాన్ని కదలనీయకుండా, విషవిరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చడమే సరైన చికిత్స.

ఎలుక మూత్రం కలిసిన తడి నేల నుండి లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం సోకుతుంది. చేతికాళ్ళ మీది గీతలు, పుండ్లు దానికి ద్వారాలు. దీనికి ఒక చరిత్ర ఉన్నది. 1930వ దశకంలో ఆస్ట్రేలియాలోని ఉత్తర క్వీన్స్‌లాండ్ చెరకు ప్రాంతంలో ఈ జ్వరం తీవ్రరూపం దాల్చి కోత కూలీల ప్రాణాలు తీసింది. నరకడానికి ముందే తోటను కాల్చితే ఎలుకలు పోతాయని, కావున కాల్చిన చెరకునే నరుకుతామని కూలీలు 1935లో సమ్మె చేశారు. నేడు చెరకు తోటలు కాల్చడాన్ని పొగ, మసి కారణంగా ఆరోగ్యానికి హానికరమని ఖండిస్తున్నాము. బ్రెజిల్‌లోని సావో పౌలో రాష్ట్రం దానిని క్రమంగా నిలిపివేయడానికి 2002లో చట్టమే చేసింది. ఒకనాడు ప్రాణరక్షణ కోసం కూలీలే కోరిన పద్ధతి అది.

కోత కాలంలో జ్వరం, పిక్కల నొప్పి, కళ్ళు ఎర్రబడడం కలిసి కనిపిస్తే మామూలు జ్వరమని ఊరుకోక, తాను చెరకు తోటలో పని చేసినట్లు వైద్యునికి చెప్పాలి. ఆ ఒక్క మాట చికిత్సను మార్చగలదు.

ఎండ, చెమట, మూత్రపిండం

మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్ వైద్యులు 2002లో ఒక విచిత్రమైన విషయం ప్రకటించారు. మధుమేహం గాని, రక్తపోటు గాని లేని వ్యవసాయ కూలీలు, అందునా మగవారు, మూత్రపిండాలు చెడి ఆసుపత్రికి వస్తున్నారు. నికరాగువాలోని చిచిగల్పా చెరకు ప్రాంతంలోనూ ఇదే కథ. ఇరవై, ముప్పై ఏళ్ళ వయసు వారు కూడా మరణించడంతో ఆ ఊరి ఒక పల్లెకు వితంతువుల దీవి అనే పేరు వచ్చింది. మధ్య అమెరికా మూత్రపిండ వ్యాధిగా ఇది వైద్యగ్రంథాలకెక్కింది.

దీని కారణాలపై చర్చ ముగియలేదు. పురుగుమందులు, లోహాలు, బూడిదలోని సిలికా, అంటువ్యాధులు అన్నింటినీ పరిశీలిస్తున్నారు. కానీ ఎండలో కఠిన శ్రమ, నీటి కొరత పదే పదే జరగడం ప్రధాన కారణాలలో ఒకటన్న అభిప్రాయం బలపడింది. కండరాలు శ్రమించినప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడిని వెలుపలికి పంపడానికి శరీరం రక్తాన్ని చర్మానికి మళ్ళించి చెమట పోస్తుంది. మండుటెండలో బరువు పని చేసేవారికి గంటకు ఒక లీటరుకు పైగా చెమట పోవచ్చు. నీరు తిరిగి అందకపోతే రక్తం చిక్కబడి మూత్రపిండాలకు చేరేది తగ్గుతుంది. అలసిన కండరాల నుండి విడుదలయ్యే పదార్థాలను, యూరిక్ ఆమ్లాన్ని వడపోయవలసిన సమయంలోనే వాటికి నీరు లేకుండా పోతుంది. ఒకరోజు జరిగితే రాత్రికి తేరుకుంటాయి. నెలల తరబడి, ఏటేటా జరిగితే తేరుకోవు.

ఇక్కడే నొప్పి మాత్ర ప్రవేశిస్తుంది. నడుము నొప్పికి కిరాణా అంగడిలో సైతం దొరికే డైక్లోఫెనాక్ జాతి మాత్రలు మూత్రపిండాలకు రక్తప్రసారాన్ని మరింత తగ్గిస్తాయి. నీరసించిన శరీరంలో అవి రెట్టింపు హాని చేస్తాయి. ఉదయాన మాత్ర వేసుకొని పనికి దిగడం అలవాటైన కూలీకి తన మందే తన రోగమని తెలియదు.

బెంగళూరు చల్లని ఊరు కదా, ఈ ప్రాంతాలలో అంత వేడి ఎక్కడిదని అనిపించవచ్చు. ఆ చల్లని ఊరిలోనే 2016 ఏప్రిల్‌లో 39.2 డిగ్రీలు నమోదైనది. పైగా వాతావరణ కేంద్రపు ఉష్ణోగ్రత వేరు, తోటలోని వేడి వేరు. మనిషి ఎత్తును మించి నిలిచిన చెరకు గాలికి అడ్డుగోడ అవుతుంది. కాలువ నీరు పారిన నేల నుండి ఆవిరి లేస్తుంది. గాలి ఆడని తడి వేడిలో చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు.

మన రాష్ట్రంలో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం, కవిటి, సోంపేట, కంచిలి తదితర మండలాలు, ఇటువంటి కారణం తెలియని మూత్రపిండ వ్యాధికి ప్రసిద్ధి. అక్కడి పంటలు కొబ్బరి, జీడిమామిడి, చెరకు కాదు. కనుక రెండింటినీ ఒకే వ్యాధిగా చెప్పడం తొందరపాటు అవుతుంది. అయితే 2023 డిసెంబరులో పలాసలో పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభం కావడానికి దశాబ్దాల మరణాలు కావలసి వచ్చాయన్నది మరువరాదు. చెరకు ప్రాంతాలలో అంతవరకు ఆగనవసరం లేదు.

కూలి లెక్క

దాహం వేస్తే నీరు త్రాగరాదా, అలసిపోతే నీడన కూర్చోరాదా అని అడగడం సులభం. కూలి టన్ను లెక్కన ఉన్నప్పుడు ప్రతి విశ్రాంతికీ ధర ఉంటుంది. మహారాష్ట్ర పద్ధతిలో భార్యాభర్తల జంటను ఒక కత్తి, అనగా ఒక కోయతాగా లెక్కిస్తారు. మేస్త్రీ, వారి భాషలో ముకాదం, సీజనుకు ముందే బయానా ఇస్తాడు. ఆ బాకీ తీరేవరకు వారు రోజుకు సుమారు రెండు టన్నుల చొప్పున నరుకుతూ పోవాలి. ఒకరు ఒక పూట మానినా ఖాడా పేరిట జరిమానా కోస్తారు. జ్వరం వచ్చిన మనిషి కూలి పోగొట్టుకోవడమే కాదు, ఎదురు చెల్లించాలి.

ఇది కేవలం కూలీల ఫిర్యాదు కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో వ్యవసాయ కూలీల రక్తాన్ని పనికి ముందు, పని ముగిశాక పరీక్షించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక్క రోజు పనిలోనే సుమారు 12 శాతం మందికి మూత్రపిండాలు తాత్కాలికంగా దెబ్బతిన్నట్లు తేలింది. పని కొలతను బట్టి కూలి పొందేవారిలో ఆ అవకాశం నాలుగు రెట్లకు పైగా ఉన్నది. ఎండ అందరికీ ఒకటే. తేడా కూలి కట్టే పద్ధతిలో ఉన్నది.

స్త్రీల బాధ

మగవారితో సమానంగా నరికి, మోపు మోసి, గుడిసెకు వచ్చి వంట చేసే స్త్రీకి నిద్ర మరింత తక్కువ. తోటల వద్ద మరుగుదొడ్డి ఉండదు. అందువలన స్త్రీలు పగలు నీరు త్రాగడమే మానుకుంటారు. దాని ఫలితం మూత్రనాళ వ్యాధులు, ఎండదెబ్బ. బహిష్టు రోజుల్లో పని మానితే ఖాడా. ఈ పరిస్థితులలో బీడ్ జిల్లాలో గర్భసంచి తొలగింపు శస్త్రచికిత్సలు విపరీతంగా జరుగుతున్నట్లు 2019లో వార్తలు వెలువడ్డాయి. మహారాష్ట్ర ప్రభుత్వం నియమించిన సంఘం పరిశీలించిన 82,309 మంది కోత స్త్రీలలో 13,861 మందికి గర్భసంచి తీసివేసినట్లు తేలింది. ఇది ఆరుగురిలో ఒకరి కంటే ఎక్కువ. అండాశయాలు కూడా తొలగిస్తే చిన్న వయసులోనే ఎముకలు బలహీనపడతాయి. మోపులు మోసే స్త్రీకి అది మరొక శిక్ష.

దీనిని పొరుగు రాష్ట్రపు వింతగా చదివి పక్కన పెట్టే హక్కు తెలుగువారికి లేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తొలగింపు దేశ సగటు 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం.

ఫలించిన ప్రయత్నాలు

ఎల్ సాల్వడార్‌లో 2014-15 కోత కాలంలో ఒక ప్రయోగం జరిగింది. తోట వెంట జరపగలిగే నీడపందిరి, వీపుకు తగిలించుకునే మూడు లీటర్ల నీటి సంచి, నిర్ణీత సమయాలలో తప్పనిసరి విశ్రాంతి, పట్టుకు అనువైన కొత్త కత్తి కూలీలకు ఇచ్చారు. వేడి వలన కలిగే బాధలు తగ్గాయి. యజమానులు భయపడినట్లు పని తగ్గలేదు, రోజుకు సగటున 5.1 టన్నులు నరికిన కూలీ 7.3 టన్నులు నరికినట్లు నమోదైనది. ఇందులో కొత్త కత్తి పాత్ర కూడా ఉండవచ్చు. అయినా విశ్రాంతి ఇస్తే నష్టమన్న వాదం నిలువలేదు. నికరాగువాలోని ఒక పెద్ద మిల్లులో ఇదే పద్ధతిని 2017 నుండి విస్తరించినప్పుడు విరామాలు పెరిగిన కొద్దీ మూత్రపిండాలు దెబ్బతినే కూలీల సంఖ్య తగ్గినట్లు పరిశోధకులు చూపారు.

నీటి లెక్క కూడా తెలుసుకోదగినది. వేడిలో బరువు పని చేసేవారు ప్రతి 15–20 నిమిషాలకు ఒక గ్లాసు, సుమారు 240 మిల్లీలీటర్లు త్రాగాలని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సూచన. ఆరు గంటల పనికి అది సుమారు 4.3 నుండి 5.8 లీటర్లు అవుతుంది. దంపతులకు కలిపి రెండు లీటర్ల సీసా ఏ మూలకు? చెమట ఎక్కువైనప్పుడు ఉప్పు వేసిన మజ్జిగ, ఓఆర్ఎస్ మంచివి. తీపి శీతల పానీయాలు, సారాయి మంచివి కావు. కొత్త కూలీతో మొదటి రోజే పూర్తి పని చేయించరాదు. తొలిరోజు ఐదో వంతు ఎండ పనితో ఆరంభించి, రోజుకు ఐదో వంతు చొప్పున పెంచాలని అదే సంస్థ చెప్పినది. ఎండలో మాట తడబడినా, మనిషి తికమకపడినా అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒంటి మీద నీరు పోసి విసురుతూనే 108కి ఫోను చేయాలి. తెలివి తప్పిన వారి నోట్లో నీరు పోయరాదు.

మూత్రపిండాల విషయంలో ఒక మెలకువ అవసరం. ఈ వ్యాధిలో తొలిదశలో మూత్రంలో మాంసకృత్తులు అంతగా పోవు, కాళ్ళవాపు రాదు. కనుక మూత్ర పరీక్ష బాగున్నంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదు. కోత కాలానికి ముందొకసారి, ముగిశాక ఒకసారి రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించి, రెండు చీటీలూ దాచి పోల్చుకుంటే మార్పు తెలుస్తుంది. ఆ పరీక్ష ఖరీదైనది కాదు. వ్యాధి ముదిరాక మూత్రపిండాల చికిత్సకు బెంగళూరు విక్టోరియా ఆసుపత్రి ఆవరణలో ప్రభుత్వ నెఫ్రో-యూరాలజీ సంస్థ ఉన్నది. వృత్తి వలన కలిగే వ్యాధుల పరిశోధనకు అహ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ దక్షిణ ప్రాంతీయ కేంద్రం బెంగళూరు శివార్లలోనే, దేవనహళ్ళి తాలూకా కన్నమంగళ వద్ద పని చేస్తున్నది. హిందూపురం, అనంతపురం వైపు నుండి నగరానికి పోయే వారు రోజూ దాటే తాలూకాయే అది.

చట్టం ఏమంటున్నది

రాష్ట్రాంతర వలస కార్మికుల కోసం 1979లో చేసిన చట్టం ఐదుగురు, అంతకు మించి వలస కూలీలున్న పనిచోటుకు వర్తించేది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి దాని స్థానాన్ని ఆక్రమించి, ఆ సంఖ్యను పదికి పెంచింది. జంటలుగా, చిన్న ముఠాలుగా చీలి పనిచేసే కోత కూలీలను లెక్కించేటప్పుడు ఈ తేడా చిన్నది కాదు. మేస్త్రీ చిట్టాలో జంట ఒక కత్తి అయినా చట్టం దృష్టిలో ఇద్దరు కార్మికులే కావలెను. మరొక లోపం కూడా ఉన్నది. హడగలి నుండి మండ్యకు వచ్చే కుటుంబం రాష్ట్రం సరిహద్దు దాటలేదు కనుక రాష్ట్రాంతర వలస కార్మికుల కుటుంబం కాదు. నారాయణఖేడ్ తండా నుండి జహీరాబాదుకు పోయేవారికి ఆ హక్కులు లేవు, మరికొంత ముందుకు సాగి బీదర్ జిల్లాలో నరికితే ఉంటాయి. కత్తి అదే, ఎండ అదే.

కూలీని పిలిపించేది మేస్త్రీ, కూలి లెక్క చూసేది మిల్లు, తోట రైతుది. గాయపడినప్పుడు ముగ్గురూ ఒకరి వైపు ఒకరు చూపుతారు. మహారాష్ట్రలో మిల్లు ఆడించే ప్రతి టన్ను మీద పది రూపాయల చొప్పున వసూలు చేసి కోత కూలీల సంక్షేమ మండలికి ఇవ్వాలని నిర్ణయించినది ఇందుకే. ఈ పద్ధతిలో యజమాని ఎవరన్న తగవు తెగకపోయినా డబ్బు టన్నును అనుసరించి వస్తుంది. కూలి టన్ను మీద, చెరకు ధర టన్ను మీద, రవాణా టన్ను మీద లెక్కించే ఈ పరిశ్రమలో, తోట గట్టున నీటి పీపాయికి, నీడపందిరికి, రెండు క్రియాటినిన్ పరీక్షలకు అయ్యే ఖర్చును సైతం టన్ను మీద లెక్కించడం కర్ణాటకకు గాని, ఆంధ్రప్రదేశ్‌కు గాని కష్టమైన గణితం కాదు.